కొనకముందు వేయాల్సిన లెక్క

గుంటూరు అరండల్‌పేటలో నాది పన్నుల ప్రాక్టీసు. జూన్ సగానికొచ్చేసరికి ఫారం 16లు, బ్యాంకు స్టేట్‌మెంట్లతో పాటు ఈమధ్య ఇంకో రకం ఫైళ్లు వస్తున్నాయి. క్రిప్టో ఎక్స్ఛేంజీ యాప్‌ల నుంచి దించుకున్న లావాదేవీల పట్టికలవి. తెచ్చేవాళ్లలో ఐటీ ఉద్యోగులున్నారు, మందుల షాపువాళ్లున్నారు, ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పే టీచర్లున్నారు. కొందరి పట్టిక ఒకే పేజీ. కొందరిది వేల వరసలు. రాత్రి రెండింటికి కొన్నది రెండూ పదికల్లా అమ్మేసినట్టు కూడా అందులో కనబడుతుంది.

అలాంటి పట్టిక చేతికొస్తే మొత్తం మీద లాభమా నష్టమా అని నేను ముందు చూడను. లాభం వచ్చిన అమ్మకాల్లో ఒక్కోదానికి సగటున ఎంత వచ్చింది, నష్టం వచ్చినవాటిలో ఒక్కోదానికి సగటున ఎంత పోయింది అని రెండు అంకెలు తీస్తాను. నష్టపోయినవాళ్ల పట్టికలు చాలావరకు ఒకేలా ఉంటాయి. పదిసార్లలో ఆరేడుసార్లు లాభానికే అమ్మి ఉంటారు. ఒక్కో లాభం మూడొందలు, ఐదొందలు. నష్టాలు తక్కువే గానీ, ఒక్కొక్కటి ఎనిమిది వేలు, పన్నెండు వేలు. "ఎక్కువసార్లు నా అంచనానే కరెక్టయింది కదా మేడం" అంటారు. నిజంగానే కరెక్టయింది. డబ్బు మాత్రం పోయింది. ధర ఎటు పోతుందో కనిపెట్టడం ఎలాగో చెప్పే వీడియోలు యూట్యూబ్ నిండా ఉన్నాయి. అంచనా తప్పినప్పుడు చేతి నుంచి ఎంత పోవచ్చో ముందే తేల్చుకునే పని గురించి వినబడేది తక్కువ. నా బల్ల మీదికి వచ్చే ఇబ్బందులన్నీ ఆ రెండో పని చేయకపోవడం వల్లనే వస్తున్నాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

చిన్న లాభానికి తొందరపడి అమ్మడం, పెద్ద నష్టాన్ని పట్టుకుని కూర్చోవడం మనవాళ్లకే ఉన్న బలహీనత కాదు. వెయ్యి రూపాయలు వచ్చిన సంతోషం కన్నా వెయ్యి పోయిన బాధ మనిషికి బాగా ఎక్కువగా ఉంటుందని డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1979లోనే చూపించారు. 1985లో హెర్ష్ షెఫ్రిన్, మేయర్ స్టాట్‌మన్ అనే ఇద్దరు ఆచార్యులు అదే సంగతిని షేర్ల అమ్మకాల్లో పట్టుకున్నారు. నష్టంలో ఉన్నదాన్ని అమ్మితే తప్పు చేశామని ఒప్పుకున్నట్టవుతుంది, అందుకని అమ్మబుద్ధి కాదు. క్రిప్టోలో దీనికి ఒక గౌరవమైన పేరు కూడా ఉంది: యావరేజ్ చేయడం. వందకి కొన్నది ఎనభై అయితే ఇంకాస్త కొంటారు, అరవై అయితే మరి కాస్త. సగటు ధర తగ్గిందని మనసుకు ఊరట దొరుకుతుంది. ఈలోగా పడిపోతున్న ఒక్క కాయిన్‌లో ఇరుక్కున్న సొమ్ము మూడింతలై ఉంటుంది.

పోయింది తిరిగి రావడానికి పట్టే లెక్క చూడండి. లక్షలో పది శాతం పోతే, మిగిలిన తొంభై వేలు మళ్లీ లక్ష కావడానికి 11 శాతం పెరిగితే సరిపోతుంది. సగం పోతే 100 శాతం పెరగాలి. ఎనభై శాతం పోతే మిగిలిన ఇరవై వేలు ఐదింతలు కావాలి. ఈ ఎనభై శాతం నేను ఊరికే ఎంచుకున్న అంకె కాదు. 2017 డిసెంబరులో 20,000 డాలర్ల దగ్గరికి వెళ్లిన బిట్‌కాయిన్ ఏడాది తిరిగేసరికి 3,200 దగ్గరికి దిగింది. 2021 నవంబరులో 69,000 దాకా ఎక్కి, మరుసటి నవంబరుకి 16,000 కన్నా కిందికి పడింది. రెండుసార్లూ కోలుకుంది, 2025 అక్టోబరులో 1,26,000 డాలర్లు తాకింది. దాన్నే చూపించి "ఆగితే ఏదైనా వస్తుంది మేడం" అని నాతో వాదించేవాళ్లున్నారు. వాళ్లకు నేను లూనా సంగతి చెబుతాను.

లూనాకు యూఎస్‌టీ అనే జోడీ కాయిన్ ఉండేది. దాని ధర ఎప్పుడూ ఒక డాలరు దగ్గరే నిలబడాలి. ఎవరైనా యూఎస్‌టీ వెనక్కి ఇస్తే ఆ విలువకు సరిపడా లూనా కొత్తగా పుట్టించి ఇచ్చే ఏర్పాటు. యూఎస్‌టీ దాచుకుంటే ఏడాదికి 20 శాతం దాకా వడ్డీ వస్తుందని జనం ఎగబడ్డారు. 2022 మేలో నమ్మకం సడలింది, అందరూ ఒకేసారి బయటికి పరుగెత్తారు. యూఎస్‌టీ వచ్చే కొద్దీ లూనా పుడుతూనే పోయింది. చలామణిలో ఉన్నవి 35 కోట్ల లోపు నుంచి కొద్ది రోజుల్లో 6 లక్షల కోట్లు దాటాయి. ఆ నెల మొదట్లో 80 డాలర్లు పలికిన కాయిన్ నెల సగం కాకముందే సెంటులో నూరో వంతు కూడా చేయకుండా పోయింది. పడుతోందని నలభై డాలర్ల దగ్గర ఒకసారి, పది దగ్గర ఒకసారి యావరేజ్ చేసినవాళ్లకు ఆగడానికి కూడా ఏమీ మిగల్లేదు.

అందువల్ల కొనే ముందు తేలాల్సిన మొదటి ప్రశ్న, ఎంత కొనాలి అన్నది. జవాబు కూడికలు, భాగహారాలు వచ్చిన ఎవరికైనా అందుతుంది. మీ దగ్గర ఈ పనికి విడిగా పెట్టిన సొమ్ము రెండు లక్షలు అనుకుందాం. ఒక్క ట్రేడ్ చెడితే అందులో ఒక శాతం, అంటే 2,000 మించి పోకూడదని నియమం పెట్టుకున్నారు. కాయిన్ ధర 500. అది 450కి వస్తే మీ అంచనా తప్పినట్టేనని చార్టు చూసి నిర్ణయించుకున్నారు. ఒక్కో కాయిన్ మీద పోయేది 50. రెండు వేలను యాభైతో భాగించండి, 40 కాయిన్లు. అంటే 20,000 రూపాయల కొనుగోలు. అదే కాయిన్ బాగా ఊగే రకం, 400 దాకా వదిలితే గానీ అంచనా తప్పిందో లేదో తెలియదనుకుంటే, 20 కాయిన్లే కొనాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు "యాభై వేలు పెడదాం" అనుకుని, ఎక్కడ అమ్మాలన్నది ధర పడ్డాక ఆలోచిస్తారు. 1983లో షికాగో వ్యాపారి రిచర్డ్ డెనిస్ పత్రికల్లో ప్రకటన ఇచ్చి, అనుభవం లేనివాళ్లను కూడా తీసుకుని ట్రేడింగ్ నేర్పించాడు. ఆయన నేర్పినవాటిలో ముఖ్యమైనది ఇదే: ఊగిసలాట ఎక్కువున్న సరుకు తక్కువ కొనాలి, తక్కువున్నది ఎక్కువ కొనవచ్చు.

ఒక శాతమంటే మరీ పిరికితనం కదా అని కుర్రాళ్లు అంటారు. వరసగా పదిసార్లు నష్టం వస్తే ఏమవుతుందో కాగితం మీద వేసి చూపిస్తాను. ప్రతిసారీ ఒక శాతం పోతే రెండు లక్షల్లో దాదాపు 1,80,900 మిగులుతుంది. ప్రతిసారీ పది శాతం పోతే మిగిలేది 69,700. రెండు వందలసార్లు నాణెం ఎగరేస్తే వరసగా ఆరేడు బొరుసులు పడటం మామూలు విషయం, కాబట్టి చెడ్డ వరస ఎప్పుడో ఒకప్పుడు అందరికీ వస్తుంది. ఇంకో సంగతి. పది రకాల కాయిన్లు కొన్నాం కనుక ప్రమాదం పదిచోట్లకు పంచుకున్నాం అనుకోకండి. బిట్‌కాయిన్ జారినరోజు చిన్న కాయిన్లు దానికన్నా ఎక్కువ జారతాయి. ఆ పదిటినీ కలిపి ఒకే పందెం కిందే లెక్కగట్టాలి.

అంచనా తప్పిందని అమ్మేసి తప్పుకునే ఆ ధరను స్టాప్ లాస్ అంటారు. దాన్ని ఎక్కడో రాసుకోవడం వేరు, ఎక్స్ఛేంజీలో ఆర్డరుగా పెట్టి ఉంచడం వేరు. షేర్ మార్కెట్ మధ్యాహ్నం మూడున్నరకు మూసేస్తారు, శని ఆదివారాలు సెలవు. ఈ మార్కెట్‌కి రాత్రి లేదు, పండగ లేదు. 2025 అక్టోబరు 10, శుక్రవారం. చైనా సరుకుల మీద అదనంగా 100 శాతం సుంకం వేస్తానని అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ప్రకటించేసరికి మనకు అర్ధరాత్రి దాటి రెండు గంటలు. గుంటూరు నిద్రపోతున్న ఆ వేళ అప్పు మీద నడుస్తున్న పొజిషన్లు ప్రపంచమంతటా కుప్పకూలాయి. 24 గంటల్లో ఎక్స్ఛేంజీలు బలవంతంగా మూసేసిన పొజిషన్ల విలువ 1,900 కోట్ల డాలర్లు దాటింది. కొన్ని చిన్న కాయిన్ల ధర నిమిషాల్లో సగానికి పైగా పడి మళ్లీ లేచింది. అలాంటప్పుడు స్టాప్ లిమిట్ ఆర్డరు కూడా దగా చేయొచ్చు. 450కి తగిలితే 448కి తక్కువ కాకుండా అమ్ము అని పెట్టారనుకోండి, ధర 450 నుంచి నేరుగా 430కి దూకితే ఆర్డరు అమ్ముడుపోకుండా అలాగే ఉండిపోతుంది. అమ్మే ధరను ట్రిగ్గర్ ధర కన్నా బాగా కిందికి పెట్టుకోవడం, అసలు కొనేటప్పుడే తక్కువ కొనడం తప్ప దీనికి నాకు తెలిసిన విరుగుడు లేదు.

ఆ రాత్రి మునిగినవాళ్లను ముంచింది లెవరేజ్, అంటే చేతిలో ఉన్నదానికి ఎన్నో రెట్లు అప్పు మీద ఆడటం. పదివేలు మార్జిన్ కట్టి ఇరవై రెట్లు తీసుకుంటే రెండు లక్షల పొజిషన్ చేతిలో ఉన్నట్టు. ధర ఐదు శాతం ఎదురు తిరిగితే పోయేది రెండు లక్షల్లో పదివేలు, అంటే మీరు కట్టిన మొత్తం. నిజానికి ఎక్స్ఛేంజీ అంతదాకా ఆగదు. తన సొమ్ముకు ముప్పు రాకుండా కాస్త ముందే పొజిషన్ మూసేస్తుంది. క్రిప్టోలో ఐదు శాతం కదలిక ఒక్క పూటలో కూడా రావచ్చు. ధర తర్వాత వెనక్కి వచ్చి మీ అంచనాయే నిజమైనా మీరు అప్పటికే బయట ఉంటారు. దీనిమీద పొజిషన్ తెరిచి ఉంచినంతకాలం ఫండింగ్ అనే చెల్లింపు ఒకటి, సాధారణంగా ఎనిమిది గంటలకోసారి. పేరుకు 0.01 శాతమే అనుకుందాం. అది మీ పదివేల మీద కాదు, రెండు లక్షల మీద. మూడుసార్లకు రోజుకి 60 రూపాయలు, నెలకి 1,800. ధర కదలకుండా నిలబడి ఉన్నా మార్జిన్‌లో 18 శాతం కరిగినట్టే. నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఈ విషయంలో నేను మెత్తగా చెప్పను: ఉద్యోగం చేసుకుంటూ ఖాళీ వేళల్లో ట్రేడ్ చేసేవాళ్లకు లెవరేజ్ అక్కర్లేదు.

ఇక పన్ను. మన దేశంలో క్రిప్టో ట్రేడింగ్ క్రమశిక్షణ గురించి ఎవరు మాట్లాడినా దీంతోనే మొదలుపెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. విదేశాల్లో తీసిన వీడియోల్లో ఈ ముక్క ఉండదు. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దానిమీద 4 శాతం సెస్సు, కలిపి 31.2. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తగ్గించుకోవడానికి లేదు. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేయడానికీ లేదు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లడానికీ లేదు.

ఇది మనుషులకు ఎంత ఆలస్యంగా అర్థమవుతుందో ఏటా చూస్తున్నాను. ఏడాదిలో లాభాలన్నీ కలిపి లక్ష, నష్టాలన్నీ కలిపి ఎనభై వేలు. "ఇరవై వేలు మిగిలింది మేడం" అని నవ్వుతూ కూర్చుంటారు. పన్ను ఆ ఇరవై వేల మీద కాదు, లక్ష మీద. 31,200 కట్టాలి. అంటే నికరంగా 11,200 జేబులోంచి పోయినట్టు. కొందరు నమ్మరు, ఇంకో చోట కూడా అడిగి చూస్తామని లేచి వెళ్తారు. వెళ్లమనే అంటాను. చట్టం అక్కడా ఇదే.

దీన్ని ట్రేడింగ్ లెక్కలోకి తెచ్చి చూడండి. సగంసార్లు గెలుస్తారు, సగంసార్లు ఓడతారు అనుకుందాం. ఓడినప్పుడు 1,000 పోతుంటే, గెలిచినప్పుడు దాదాపు 1,454 రావాలి, అప్పుడు గానీ పన్ను కట్టాక సున్నా దగ్గర నిలబడరు. మూడొందల లాభానికి అమ్మేసే అలవాటున్నవాళ్లకు ఈ చట్టం కింద బతికే దారి లేదు. అందుకే తక్కువసార్లు ట్రేడ్ చేయమంటాను. నష్టాన్ని చిన్నగా తెంచుకుని లాభాన్ని పెరగనిచ్చే ఓపిక ఇక్కడ మంచి అలవాటు స్థాయిలో ఆగిపోదు, లెక్క నిలబడాలంటే అది ఉండి తీరాలి.

2022 జూలై 1 నుంచి అమ్మకం విలువ మీద ఒక శాతం టీడీఎస్ కూడా పడుతోంది. అది నష్టానికి అమ్మినా పడుతుంది. ఒక కాయిన్ ఇచ్చి ఇంకో కాయిన్ తీసుకున్నా అమ్మకమే. లక్ష రూపాయలను యాభైసార్లు తిప్పారనుకోండి, లాభనష్టాలేవీ లేకపోయినా ఈ ఒక్క శాతాలకే చేతిలో ఆడే సొమ్ము అరవై వేలకు దిగుతుంది. కోసింది రిటర్న్ వేశాక పన్నులో సర్దుబాటవుతుంది, ఎక్కువైతే వాపసూ వస్తుంది. ఈలోపు అది మీ దగ్గర లేనట్టే. అప్పు మీద ఆడే ఫ్యూచర్స్‌లో ఆ కోత లేదన్న ఒక్క కారణంతో మామూలు కొనుగోళ్లు మానేసి లెవరేజ్ వైపు వెళ్లిన కుర్రాళ్లను చూశాను. ఒక శాతం తప్పించుకోవడానికి మొత్తం పోయే చోటికి వెళ్లారు. నాకు నిజంగా బాధ కలిగించే పట్టికలు వాళ్లవి.

లాభానికి అమ్మిన ప్రతిసారీ అందులో మూడో వంతు తీసి వేరే బ్యాంకు ఖాతాలో వేయండి. ఏడాదికి కట్టాల్సిన పన్ను పదివేలు దాటేలా ఉంటే జూలై దాకా ఆగకూడదు. అడ్వాన్స్ ట్యాక్స్ జూన్ 15, సెప్టెంబరు 15, డిసెంబరు 15, మార్చి 15 వాయిదాల్లో కట్టాలి, లేకపోతే వడ్డీ పడుతుంది. శీతాకాలంలో వచ్చిన లాభాన్ని మళ్లీ కాయిన్లలో పెట్టి, వేసవిలో ధరలు పడి, పన్నుకు బంగారం తాకట్టు పెట్టిన కుటుంబం ఒకటి నాకు తెలుసు.

కాయిన్లు ఎక్కడ ఉన్నాయన్నదీ ప్రమాదంలో భాగమే. ప్రపంచంలోని పెద్ద ఎక్స్ఛేంజీల్లో ఒకటైన ఎఫ్‌టీఎక్స్ 2022 నవంబరు 11న దివాలా పిటిషన్ వేసింది. ఖాతాదారుల సొమ్మును మళ్లించినందుకు దాని వ్యవస్థాపకుడు శామ్ బ్యాంక్‌మన్ ఫ్రీడ్‌కు 2024లో పాతికేళ్ల జైలుశిక్ష పడింది. మన వజీర్‌ఎక్స్ నుంచి 2024 జూలై 18న హ్యాకర్లు 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన కాయిన్లు ఎత్తుకుపోయారు. ఖాతాదారులు ఏడాదికి పైగా తమ కాయిన్లు తీసుకోలేకపోయారు. ఎంత చక్కగా స్టాప్ లాస్ పెట్టుకున్నా ఇలాంటిది ఆగదు. ట్రేడింగ్‌కి కావాల్సినంతే ఎక్స్ఛేంజీలో ఉంచి, ఏళ్ల తరబడి దాచుకునేది సొంత వాలెట్‌లోకి మార్చుకోవాలి. ఆ వాలెట్ రికవరీ పదాలు కాగితం మీద రాసి భద్రపరచాలి, ఫోన్‌లో ఫొటో తీసి కాదు. ఎక్స్ఛేంజీ ఆర్థిక నిఘా విభాగం ఎఫ్ఐయూ దగ్గర నమోదైందో లేదో చూసుకోండి. 2023 మార్చి నుంచి అది తప్పనిసరి. టెలిగ్రామ్‌లో లాభాల స్క్రీన్‌షాట్లు చూపించి సిగ్నల్స్ అమ్మేవాళ్ల గురించి ఒక్కమాటే: డబ్బు పంపకండి.

మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒక పెద్దాయన ఏళ్లుగా నా క్లయింటు. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం, జీతం నెలకి అరవై వేలు. నిరుడు ఇద్దరూ కలిసి వచ్చారు. కుర్రాడి పట్టికలో ఒకే కాయిన్‌లో ఐదు నెలల జీతం ఇరుక్కుని ఉంది. పెద్దాయన కేకలేస్తారనుకున్నాను, వేయలేదు. "అమ్మా, నేను ఏ పార్టీకైనా ఇంతకు మించి బాకీ పెట్టనని రాసుకుంటాను. ఎంత నమ్మకస్థుడైనా అంతే. కొనుగోలుదారు ఒకడు చేతులెత్తేస్తే నా కొట్టు మూతపడకూడదు కదా" అని, కొడుకు వైపు తిరిగి "ఏరా, నీకా అంకె ఎంత?" అని అడిగారు. కుర్రాడి దగ్గర జవాబు లేదు.

అక్కడే కూర్చుని వేశాం. ఏడాది మొత్తం మీద పోయినా ఇల్లు కదలని సొమ్ము ఎంత అంటే, ఒక నెల జీతమన్నాడు. అరవై వేలు. అంతకు చేరితే మార్చి 31 దాకా యాప్ తెరవడు. ట్రేడింగ్‌కి మొత్తం లక్షన్నర, ఒక్క ట్రేడ్‌కి పోగలిగేది 1,500. లెవరేజ్ లేదు, అప్పు లేదు. కొన్న తేదీ, కారణం, ఎక్కడ తప్పుకోవాలి, ఎన్ని కాయిన్లు అన్న నాలుగూ కొనకముందే పుస్తకంలో రాయాలి. పెద్దాయన అంతా విని, "లాభమొస్తే పన్ను పోను ఎంత మిగుల్తుందో ఆ గడి కూడా పెట్టమ్మా" అన్నారు. ఐదో గడి కూడా గీశాను.